గరిటె ఫొటోకి వివరణ ఎలా రాయాలి?

సందేహం: మాది ఉదయగిరి. చెక్క గరిటెలు, స్పూన్లు అమ్మడానికి తెలుగులో వెబ్‌సైట్ పెట్టాం. చూపు లేనివాళ్లు కూడా కొనుక్కునేలా ప్రతి ఫొటోకీ వివరణ రాయమని సైట్ చేసినతను చెప్పాడు. "పిడి చివర చేప బొమ్మ చెక్కిన, పది అంగుళాల పొడవు గల, చేతితో మలచిన అందమైన గరిటె చిత్రం" అని రాశాను. సరిగ్గా ఉందా? కొనే చోట "ఇక్కడ నొక్కండి" అనొచ్చా? మా వైపు గంటె అంటాం, గరిటె అనే రాయాలా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

సమాధానం: వ్యాకరణం ప్రకారం మీ వాక్యంలో తప్పు లేదమ్మా. అయితే అది కంటితో చదివేవాళ్లకు సరిపోయే వాక్యం. తెలుగులో విశేషణాలన్నీ ముందొచ్చి, అసలు వస్తువు పేరు చివర వస్తుంది. ఫొటో ఎదురుగా ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకు ఇబ్బంది లేదు. తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకు మాత్రం చేప, అంగుళాలు, చేతిపని అన్నీ విన్నాక గానీ అది గరిటె అని తెలియదు. వాళ్లకు కావలసింది స్పూన్ అయితే ప్రతి వస్తువు దగ్గరా చివరిదాకా ఆగాల్సిందే. అందుకని పేరు ముందు పెట్టి, వాక్యాన్ని తుంచండి: "చెక్క గరిటె. పొడవు 10 అంగుళాలు. పిడి చివర చేప బొమ్మ." క్రియ లేదని టెన్షన్ పడకండి. క్రియ లేని వాక్యం తెలుగుకు సహజమే. "మాది ఉదయగిరి" అని మీరు రాసిన దాంట్లోనూ క్రియ లేదు కదా!

"చిత్రం" తీసేయండి. అది బొమ్మ అని స్క్రీన్ రీడరే చెబుతుంది. "అందమైన" కూడా వద్దు. చేపకు పొలుసులు చెక్కారా, పిడి మెలి తిరిగి ఉందా, అది చెప్పండి. అందం వాళ్లకు అలా తెలుస్తుంది.

"ఇక్కడ నొక్కండి" అనకండి. ఎన్‌వీడీఏ వంటి రీడర్లు వాడేవాళ్లు పేజీలోని లింకులన్నిటినీ ఒక జాబితాగా తెప్పించుకుని వింటారు. అందులో వరసగా "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి" అని వినబడితే ఎక్కడని నొక్కుతారు? "చెక్క గరిటె కొనండి", "డెలివరీ వివరాలు" అని పని పేరే రాయండి. ధర కూడా "రూ.250/-" అని కాక "250 రూపాయలు" అని రాయండి. చుక్కలూ గీతలూ వస్తే కొన్ని స్క్రీన్ రీడర్ గొంతులు తడబడతాయి.

గంటె మంచి తెలుగు మాట, వదులుకోవద్దు. వస్తువు పేరు గరిటె అని పెట్టి, వివరంలో "మా వైపు గంటె అంటాం" అని ఒక్క ముక్క చేర్చండి. రెండు పేర్లతో వెతికేవాళ్లకూ దొరుకుతుంది.

మీరు అడగలేదు గానీ ఇది అన్నిటికన్నా ముఖ్యం. కరపత్రం కోసం డీటీపీ సెంటర్‌లో 'అను' అనే ఫాంట్లతో కొట్టించిన మేటర్‌ని సైట్‌లో అతికించారేమో చూడండి. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది, వినేవాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాదు. మేటర్ యూనికోడ్‌లోనే, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలోనే ఉండాలి. దాన్ని ఫొటో తీసి పెట్టినా వినబడదు. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో రాయమని కూడా సైట్ చేసినతనికి చెప్పండి. లేకపోతే ఇంగ్లిష్ గొంతు తెలుగు అక్షరాలను చదవకుండా దాటేసే ప్రమాదం ఉంది.

ఇదంతా దయతో చేసే పని అనుకోకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది.

అన్నీ మార్చాక ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని మీ సైట్‌లో ఒక గరిటె కొని చూడండి. ఆ తర్వాత రోజూ స్క్రీన్ రీడర్ వాడే ఒకరి చేత కూడా కొనిపించి చూడండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడి మాటలు మళ్లీ రాయండి.