అప్పు కాదు, గ్రాంటే ఇవ్వాలి, అదీ చదువు సాగుతుండగానే అందాలి

పేద విద్యార్థుల ఉన్నత చదువుకు ప్రభుత్వం గ్రాంటు ఇవ్వాలా, బ్యాంకు అప్పు ఇప్పిస్తే సరిపోదా అని అడిగారు. గ్రాంటే ఇవ్వాలని, అది సమయానికి చేతికందాలని నేను గట్టిగా నమ్ముతాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్న రైస్‌మిల్లులో బస్తాలు మోసే కళాసీ. షెడ్యూల్డ్ కులాల పిల్లలకు పదో తరగతి తర్వాతి చదువులకిచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తుందన్న ధైర్యంతోనే 2014లో నన్ను బరంపురంలో డిగ్రీకి చేర్చారు. తెలుగువాళ్లం కనుక నా పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ముందుంది, అక్కడి పద్ధతి ప్రకారం బ్యాంకు పాసుపుస్తకంలో అది చివరికి చేరింది. ఆ తేడా వల్ల దరఖాస్తు తిరిగొచ్చింది. రెండు పేర్లూ నావేనని అఫిడవిట్టు రాయించి కార్యాలయాల చుట్టూ తిరిగేసరికి విద్యాసంవత్సరమే ముగిసింది. ఈలోగా మెస్ బకాయికీ, పరీక్ష ఫీజుకూ నాన్న మిల్లు షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని, మరుసటి కోతల కాలమంతా కూలి ముట్టకుండా ఆ బాకీ తీర్చారు. అప్పు చేసి చదివించమని ఎవరైనా తేలికగా అంటే నాకు ఆ కోతల కాలమే గుర్తొస్తుంది.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి అనే విద్యారుణాల పథకంలో ఏటా 8 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు వడ్డీ రాయితీ ఉన్నా, అది ఎంపిక చేసిన ఉన్నత స్థాయి సంస్థల్లో సీటు వచ్చినవారికే వర్తిస్తుంది. మా ఊరి పిల్లలు ఎక్కువగా చేరేది మామూలు డిగ్రీ కాలేజీల్లో; బీఏ పూర్తిచేసిన కుర్రవాడు ఏ జీతం చూసుకుని వాయిదాలు కట్టాలి?

ఎస్సీ విద్యార్థుల స్కాలర్‌షిప్ విషయంలో 2020 డిసెంబరులో మంచి మార్పు జరిగింది. కేంద్రం తన వాటాను 60 శాతంగా నిర్ణయించి, ఆ డబ్బు నేరుగా విద్యార్థి ఖాతాలో పడే ఏర్పాటు చేసింది. అయితే కుటుంబ ఆదాయం ఏటా రెండున్నర లక్షలు దాటకూడదన్న పరిమితిని పెంచాలని నా అభిప్రాయం.

సరిహద్దులో ఉండే మాకు ఇందులో మరో మేలుంది. విద్యార్థి పక్క రాష్ట్రంలో చదివినా స్కాలర్‌షిప్ ఇవ్వవలసింది సొంత రాష్ట్రమే. ఆంధ్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ మాకు లేకపోయినా మా తమ్ముడు శ్రీకాకుళంలో చేరగలిగింది అందువల్లే. దరఖాస్తుకు ముందే వాడి పాసుపుస్తకంలోనూ, ఆధార్‌లోనూ ఇంటిపేరును సర్టిఫికెట్టులో ఉన్నట్టే ముందుకు మార్పించాను; రెండో సెమిస్టరు మొదలుకాక మునుపే వాడికి డబ్బు అందింది.