తూటా మందు తూకం గురించి శ్రీకాంత్‌కు

చిరంజీవి శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

టెక్సస్‌లో మీ ఇంటి గరాజ్‌లోనే .308 విన్‌చెస్టర్ రైఫిల్‌కూ, 9 ఎంఎం పిస్టల్‌కూ తూటాలు రీలోడ్ చేసుకోవడం, అంటే పేలిన తూటాల డొప్పల్లో మళ్లీ మందు, గుండు నింపుకోవడం మొదలుపెట్టావని, కానీ మందు కొలిచి పోసే పౌడర్ మెజర్ పిడిని ఎంత జాగ్రత్తగా తిప్పినా మందు తూకం ఒక్కోసారి ఒక్కో రకంగా వస్తోందని రాశావు. సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి అక్కడ ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు. మన దేశంలో అలా కాదు. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. అందువల్ల నేను రాసేదంతా అక్కడున్న నీ కోసమే.

తూకాలు కుదరనప్పుడు అందరూ మందు పోసే పరికరాన్ని అనుమానిస్తారు. నా మాట విని ముందుగా తూచే పరికరాన్ని అనుమానించు. గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాముల కంటే కాస్త తక్కువ, పౌండుకు 7,000 గ్రెయిన్లు. నీ ఎలక్ట్రానిక్ కాటా చూపేది ఒక గ్రెయిన్లో పదో వంతు దాకా. అంత చిన్న బరువును తూచేటప్పుడు ఏసీ గాలి చాలు, అంకె మారిపోవడానికి. మన కంసాలి బంగారం తూచే ముందు ఫ్యాన్ ఎందుకు ఆపుతాడో గుర్తు తెచ్చుకుని, నువ్వూ ఏసీ గాలి తగలని చోట, కదలని బల్ల మీద కాటా పెట్టుకో. పని మొదలుపెట్టడానికి అరగంట ముందే దాన్ని ఆన్ చేసి ఉంచు, సెల్‌ఫోన్‌ను దూరంగా పెట్టు. కాటాతో పాటు వచ్చిన పెద్ద తూకపురాయితో క్యాలిబ్రేట్ చేస్తే సరిపోదు. నువ్వు పోయబోయే మందు బరువుకు దగ్గరగా ఉండే చెక్ వెయిట్ (సరిచూసుకోవడానికి వాడే కచ్చితమైన తూకపురాయి) ఒకటి విడిగా కొనుక్కుని, పని మొదట్లోనూ, మధ్యమధ్యలోనూ, చివరలోనూ దానితో సరిచూడాలి.

ఖాళీ పళ్లెం పెట్టి సున్నా చేశాక ఆ పళ్లేన్ని పైకి తీస్తే కాటా మీద మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తుంది, అది పళ్లెం బరువు. దాన్ని కాగితం మీద రాసుకో. పళ్లెం తీసిన ప్రతిసారీ అదే అంకె కనిపించాలి. పదో వంతు మారినా సున్నా జరిగిందన్నమాట, అక్కడే ఆగి మళ్లీ సరిచేసుకోవాలి. ట్రిక్లర్‌తో ఒక్కొక్క రేణువే రాలుస్తున్నప్పుడు కొన్ని కాటాలు ఆ నెమ్మది పెరుగుదలను గుర్తించకుండా పాత అంకె దగ్గరే నిలిచిపోతాయి. కాబట్టి చివరి రేణువు పడ్డాక పళ్లేన్ని ఎత్తి, మళ్లీ పెట్టి చదువు. వీలైతే పాతకాలపు బీమ్ త్రాసు కూడా ఒకటి ఉంచుకో. దాని ముల్లును కంటికి సమానమైన ఎత్తులో పెట్టుకుని చూస్తే, ఎలక్ట్రానిక్ కాటా చెప్పేది నిజమో కాదో తేలిపోతుంది.

ఇక పౌడర్ మెజర్ సంగతి. అది బరువును కాదు, ఘనపరిమాణాన్ని కొలుస్తుంది, కాబట్టి మందు రేణువుల ఆకారాన్ని బట్టి దాని నడక ఉంటుంది. గుండ్రటి బాల్ పౌడర్ నీళ్లలా జారి దాదాపు ఒకే తూకం ఇస్తుంది. నువ్వు రైఫిల్‌కు వాడుతున్న పుల్లల్లాంటి మందు అడ్డంగా చిక్కుకుంటుంది, పిడి తిప్పుతుంటే కొన్ని పుల్లలు తెగడం చేతికి కరకరమని తెలుస్తుంది. అది నీ చేతి లోపం కాదు, ఆ మందు స్వభావం. దానికి మెజర్‌ను కావలసిన దానికంటే కాస్త తక్కువగా పెట్టి, మిగిలింది ట్రిక్లర్‌తో నింపడమే సరైన పద్ధతి. మెజర్ పైన మందు నిలవుండే హాపర్ సగానికి తగ్గకుండా చూసుకో, లోపల బ్యాఫిల్ (పైనున్న మందు బరువును ఆపే పలక) పెట్టు, పిడిని ప్రతిసారీ ఒకే వేగంతో ఎత్తి దించు. మందు సర్దుకునేదాకా మొదటి పది విడతలు తిరిగి హాపర్‌లోనే పోసేయి. ఆ తర్వాతి పది విడతలను కలిపి తూచి పదితో భాగిస్తే సగటు తెలుస్తుంది, కానీ ఎక్కువ తక్కువలను సగటు దాచేస్తుంది కాబట్టి విడివిడిగానూ తూచు.

ఎంత తేడాను సహించవచ్చన్నది తూటాను బట్టి ఉంటుంది. 40 గ్రెయిన్లు పట్టే రైఫిల్ తూటాలో పదో వంతు గ్రెయిన్ అంటే పావు శాతమే. 4 గ్రెయిన్ల పిస్టల్ తూటాలో అదే పదో వంతు రెండున్నర శాతం అవుతుంది. చిన్న తూటాకే ఎక్కువ జాగ్రత్త కావాలని నేను అనడానికి కారణం ఇదే. రైఫిల్ విషయంలో గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద వేగాలు చెదిరితే తప్పంతా మందు మీద వేయకు. కేసు (తూటా డొప్ప) మెడ బిగువు, మందును అంటించే ప్రైమరు, వేర్వేరు కంపెనీల కేసుల లోపలి ఖాళీ, వీటన్నిటికీ అందులో పాత్ర ఉంటుంది. మిలిటరీ కేసుల గోడలు సాధారణంగా మందంగా ఉండి లోపలి చోటు తగ్గుతుంది కాబట్టి, అదే తూకం మందుకు ఒత్తిడి పెరుగుతుంది. వాటిని మిగతా వాటితో కలపకు.

9 ఎంఎంలో నన్ను నిజంగా భయపెట్టేది పదో వంతు తేడా కాదు, రెండుసార్లు పడిన మందు, అసలు పడని మందు. త్వరగా మండే పిస్టల్ మందును ఒకే కేసులో రెండుసార్లు పోసినా పొర్లకుండా పట్టేస్తుంది, పేలిస్తే పిస్టల్ చేతిలోనే బద్దలవుతుంది. మందు పడని తూటాలో ప్రైమర్ శక్తి ఒక్కటే గుండును గొట్టంలోకి నెట్టి మధ్యలో వదిలేస్తుంది, దాని వెనక మరో తూటా పేలితే గొట్టం చీలుతుంది. అందుకని కేసులన్నిటినీ లోడింగ్ బ్లాక్‌లో నిలబెట్టి, గుండు పెట్టే ముందు టార్చి వేసి ప్రతి కేసులోనూ మందు మట్టాన్ని పక్క కేసుతో పోల్చి చూడు. మధ్యలో ఎవరైనా పిలిస్తే వెళ్లు, కానీ తిరిగి వచ్చాక ఎక్కడ ఆగావో గుర్తున్నా సరే, ఆ బ్లాక్ మొత్తాన్ని మళ్లీ మొదటి నుంచి చూడు. అనుమానం వచ్చిన తూటాను బుల్లెట్ పుల్లర్‌తో విప్పేయి, మందు ఖరీదు లెక్కపెట్టకు.

బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి. హెచ్ 4350, ఐఎంఆర్ 4350, ఆక్యురేట్ 4350 మూడింటిలోనూ ఒకే అంకె కనిపిస్తుంది, కానీ అవి మూడు వేర్వేరు మందులు, ఒకదాని లెక్క మరొకదానికి పనికిరాదు. పని అయిపోగానే హాపర్‌లో మిగిలింది దాని డబ్బాలోకే తిరిగి పోసేయి. రాత్రంతా వదిలేస్తే నైట్రోగ్లిసరిన్ ఉన్న మందులు ప్లాస్టిక్‌ను తినేస్తాయి, పైగా తెల్లారేసరికి అది ఏ మందో నీకే సందేహం వస్తుంది. ఎంత పోయాలన్నది మాత్రం నన్ను గానీ, రేంజిలో పరిచయమైన వారిని గానీ అడగకు. ఆ మందు తయారుచేసిన కంపెనీ అచ్చు వేసిన పట్టికలో మొదటి తూకంతో ప్రారంభించి, ఒత్తిడి మరీ పెరిగిందని తెలిపే గుర్తులు గమనిస్తూ పైకి వెళ్లు.

ఈ వారాంతం తూటాలు చేయకు. చెక్ వెయిట్‌తో కాటా సరిచూసి, రైఫిల్ మందు పది విడతలు, పిస్టల్ మందు పది విడతలు పోసి, పళ్లెం తీసినప్పుడు వచ్చిన మైనస్ అంకెతో సహా అన్ని తూకాలూ వరుసగా రాసి పంపు. అవి చూశాక తేడా కాటాదో, మెజర్‌దో చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య