ముంబై మారథాన్ కోసం ఆదివారం పరుగును 12 నుంచి 18 కిలోమీటర్లకు పెంచాను. చలికాలం పొద్దున్నే పరుగెత్తితే పిక్కలు పట్టేస్తున్నాయి, ఏం చేయాలి?

తప్పు చలిది సగమే. డిసెంబరులో హైదరాబాద్‌లో తెల్లవారుజామున 12–15 డిగ్రీలు ఉంటుంది. చల్లబడిన పిక్క, మడమ పైనుండే అకిలిస్ టెండన్ బిగుసుకుని ఉంటాయి. లేచిన వెంటనే మామూలు వేగం అందుకుంటే పట్టేస్తాయి. మిగతా సగం, జనవరిలో జరిగే ముంబై మారథాన్ కోసం ఆదివారం దూరాన్ని 12 నుంచి ఒక్కసారే 18 కిలోమీటర్లకు లాగడం. వారానికి 2 కి.మీ. మించి పెంచొద్దు. నాలుగో వారం తగ్గించండి.

గుమ్మం దాటకముందే ఒళ్లు వేడెక్కాలి: 5 నిమిషాలు చురుకైన నడక, ఒక్కో కాలు ముందుకూ వెనక్కూ 12 ఊపులు, 10 లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి కిందికి దిగి లేవడం). కాలు సాగదీసి అలాగే పట్టి ఉంచే స్ట్రెచ్‌లు పరుగయ్యాకే. మొదటి కిలోమీటరు నిమిషం ఆలస్యంగా పూర్తిచేయండి, పోయేదేం లేదు.

అసలు మందు పిక్కల బలం. మెట్టు అంచున మునివేళ్ల మీద రెండు కాళ్లతో లేచి, ఒంటికాలిపై 3 సెకన్లలో మడమ కిందికి దించాలి. 15 సార్లు, 3 విడతలు, వారానికి 3 రోజులు. మోకాలు నిటారుగా ఒక రోజు, కాస్త వంచి ఒక రోజు. వంచినప్పుడు పిక్క లోపలి సోలియస్ కండరం మీద భారం ఎక్కువ పడుతుంది. చాలామంది వదిలేసేది దీన్నే.

చీకట్లో హెడ్‌ల్యాంప్ తప్పనిసరి, గుంతల్లో చీలమండ మడతపడుతుంది.

మోకాలి కింద ముందువైపు ఎముకపై ఒకేచోట వేలితో నొక్కితే కలుక్కుమంటుంటే పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నని పగులు) కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా.