పాత బోరు మోటారు, అటక మీది ఇత్తడి, కాల్చిన వైరు: ఈ నెల తుక్కు ప్రశ్నలు

పోయిన నెల ఇంట్లో, చేన్లో పడుండే పాత ఇనుము గురించి ఏమన్నా అడగాలంటే రాయండి అంటే ఉత్తరాలు శానా వచ్చినాయి. నేను అనంతపురంలో ఇరవై ఏండ్లు గుజిరీ అంగడి, అంటే పాత ఇనుము కొనే అంగడి, నడిపినోన్ని, కొనేవాడి పక్క కూర్చోని చూసినోన్ని కాబట్టి అమ్మేవాళ్ళు యాడ నష్టపోతారో బాగా తెలుసు. అన్నీ వేయలేము, ఐదు తీసుకున్నా.

ప్రశ్న: అన్నా, మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. రెండు బోర్లు ఎండిపోయినాయి. 500 అడుగుల నుంచి మోటార్లు, జీఐ పైపులు, కేబులు అంతా పైకి తీసి చింతచెట్టు కింద కుప్ప పోసినాము. ఒక మోటారు కాలిపోయింది, ఇంకోటి ఎట్లుందో తెలీదు. ఆటోలో వచ్చే పాత సామాన్లాయన అంతా కలిపి గుత్తగా ఒక లెక్క చెప్తాండాడు. ఇచ్చేయచ్చా?
– ఒక రైతు

జవాబు: ఇయ్యద్దు నాయనా, గుత్తగా మాత్రం ఇయ్యద్దు. గుత్త అంటే ఏమి, ఆయన మనసులో కుప్పంతా ఇనుము రేటుకు లెక్కేసుకోని దాంట్లో కూడా కొంచెం తగ్గించి చెప్తాడు, మీ చెట్టు కింద ఉండేది ఇనుము ఒక్కటే కాదు కదా, రాగి ఉంది, స్టీలు ఉంది, గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) ఉంది, జీఐ (జింకు పూత వేసిన ఇనుము) ఉంది. బోరు వేసేదానికి పెట్టిన డబ్బు ఎట్లా నీళ్ళపాలు కూడా కాకుండా మన్నుపాలైంది, పైకి తీసిన సామానుకన్నా సరైన రేటు రావల్ల.

మొదట కేబులు చూడండి, అందరూ తక్కువ అంచనా వేసేది దాన్నే, నల్లగా మట్టి పట్టుకోని పాములాగ చుట్టుకోని ఉంటాది కాబట్టి. బోరు మోటారుకు వేసేది మూడు కోర్ల ఫ్లాట్ కేబులు. కోరు ఎంత లావో దాని మీదనే అచ్చేసి ఉంటారు, తడిగుడ్డతో తుడిచి చూడండి. 4 స్క్వేర్ ఎంఎం అని ఉంటే మీటరు కేబుల్లో దగ్గర దగ్గర 107 గ్రాముల రాగి ఉంటాది, 500 అడుగులంటే 152 మీటర్లు, అంటే ఒక్క బోరు కేబుల్లోనే 16 కిలోల రాగి. 2.5 స్క్వేర్ అయితే 10 కిలోలు. మీకు రెండు బోర్లు. ఈ లెక్క కాగితం మీద రాసుకోని ఆటో ఆయన ముందర పెట్టండి, మాట మారుతాది. కేబులు బాగుంటే, అతుకులు తక్కువుంటే అది తుక్కే కాదు, మీ ఊర్లో ఎవరో ఒకరు మోటారు దించేటోళ్ళు కేబులు గానే కొంటారు.

పైపులు కూడా అంతే. 20 అడుగుల పైపు మరలు అరిగిపోకుండా, తుప్పు తిని రంధ్రాలు పడకుండా ఉంటే అది పైపు, తుక్కు కాదు. పందిరికో, గేటుకో, ఇంకొకరి బోరుకో పోతాది. వంగినవి, మరలు పోయినవి మాత్రమే తుక్కులోకి తోయండి. అవి పొడుగున్నాయి ఆటోలో పట్టవు అని చేన్లోనే గ్యాస్ కట్టర్ పెట్టి కోయించే పని పెట్టుకోవద్దు. జీఐ పైపు మీద ఉండేది జింకు పూత, మంటకు అది తెల్ల పొగై లేస్తాది, ఆ పొగ పీల్చినోడికి పొద్దుగూకే టయానికి మలేరియా మాదిరి చలీ జ్వరం వస్తాది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాది గానీ ఆ రాత్రి నరకం. మా అంగట్లో పనిచేసిన వాళ్ళకు వచ్చింది, నేను కండ్లారా చూసినా. హ్యాక్సా బ్లేడుతో కోయించండి, లేదంటే పెద్ద బండి మాట్లాడుకోండి.

ఇంక మోటార్లు. రెండో మోటారు ఎట్లుందో తెలీదన్నారు కదా, దాన్ని తుక్కులో వేసే ముందు రీవైండింగ్ అంగడికి తీసుకపోండి. బాడీ, రోటరు (లోపల తిరిగే భాగం) బాగుంటే వైండింగ్ మాత్రమే పోయిన మోటారును వాళ్ళే కొంటారు, తుక్కు రేటు కంటే ఎక్కువే ఇస్తారు. నిజంగానే పనికిరాదు అని తేలితే అప్పుడు విప్పించండి. లోపల స్టేటరులో, అంటే తిరగని భాగంలో, రాగి వైరు, దాని మీద ప్లాస్టిక్ పొర ఉంటాది ఎందుకంటే అది నీళ్ళల్లో మునిగే వైండింగు, ఫ్యాను వైండింగు లాగా ఉత్త ఎనామెల్ పూత కాదు. పెద్ద మోటార్లల్లో రోటరుకు కూడా రాగి కడ్డీలు, రెండు కొసల్లో రాగి రింగులు ఉండేవి ఉంటాయి. బయటి గొట్టం స్టీలు, బుష్షులు గన్‌మెటల్. మీకు ఇప్పేదానికి చేతకాకపోతే బలవంతంగా సుత్తెలతో పగలగొట్టద్దు, "మోటారు రేటు" అని ప్రతి గుజిరీ అంగట్లో వేరే రేటు ఉంటాది, ఇనుము కంటే ఎక్కువ, రాగి కంటే తక్కువ, ఆ రేటు అడగండి. ఒక్క జాగ్రత్త: కొన్ని మోటార్లల్లో వైండింగు అల్యూమినియం. చాకుతో వైరు గీరి చూస్తే తెలిసిపోతాది, పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా కనపడితే అది రాగి పూత వేసిన అల్యూమినియం, దాన్ని రాగి అని చెప్పి అమ్మితే తర్వాత మీ మంచి రాగిని కూడా ఎవ్వరూ నమ్మరు. చేతిలో పట్టుకున్నా తెలుస్తాది, అంతే లావు రాగి అల్యూమినియం కంటే మూడింతల పైన బరువు.

స్టార్టర్ డబ్బాలో చిన్న చిన్న కాంటాక్టు పాయింట్లు ఉంటాయి, అవి వెండి కలిసినవి, డబ్బా రేకుతో పాటు పోనియ్యద్దు, పీకి పక్కన పెట్టండి. కెపాసిటర్ ఉంటే దాని జోలికి పోవద్దు, కరెంటు తీసేసినా దాంట్లో కరెంటు నిలబడి ఉంటాది.

ఆఖరిగా మట్టి. మన్నుతో అమ్మితే తూకం పెరుగుతాది అని మనోళ్ళు అనుకుంటారు, కొనేవాడు దానికి "కటింగు" అని రెండింతలు కోస్తాడు. కొట్టి, దులిపి, ఎండబెట్టి తీసుకపోండి.

ప్రశ్న: నమస్తే అండీ. కడపలో మా అత్తగారి పాత ఇల్లు ఖాళీ చేస్తున్నాము. అటక మీద బిందెలు, గంగాళాలు, చెంబులు, పాత కుక్కర్లు మూటలు మూటలుగా ఉన్నాయి. ఏది ఇత్తడో ఏది కంచో నాకు తెలీదు. కొన్ని లోపల తెల్లగా ఉన్నాయి. ఎలా వేరు చేయాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఒక అయస్కాంతం, ఒక పాత ఆకురాయి చాలు. పాడైన స్పీకర్లో ఉండే అయస్కాంతం అయితే ఇంకా మంచిది, గట్టిగా లాగుతాది.

అయస్కాంతం గట్టిగా పట్టుకున్నవన్నీ ఒక పక్కకు పెట్టేయండి, అవి ఇనుము, రేకు, లేదంటే తక్కువ రకం స్టీలు. పట్టుకోనివే అసలు సరుకు. వాటిని ఎవరికీ కనపడని చోట, అంటే అడుగు భాగంలో, ఆకురాయితో ఒక్కసారి గీరండి. ఎర్రగా ఉంటే రాగి, పసుప్పచ్చగా ఉంటే ఇత్తడో కంచో, తెల్లగా తేలిగ్గా ఉంటే సత్తు, అదే అల్యూమినియం. లోపల తెల్లగా ఉన్నాయి అన్నారు కదా, అది కళాయి, తగరం పూత, పులుపు తగిలి కిలుము పట్టకుండా మన పెద్దోళ్ళు పూయించేవాళ్ళు. ఆ తెలుపు చూసి సత్తు అనుకోని సత్తు రేటుకు ఇచ్చేసినవాళ్ళు ఉన్నారు, నా దగ్గరికే తెచ్చినారు, నేను చెప్పి ఇత్తడి రేటు ఇచ్చినా, అందరూ చెప్పరు.

కంచు తెలుసుకునేది చెవితో. ఒక వేలితో ఎత్తి పట్టుకోని చెంచాతో కొడితే కంచు గుడిగంట లాగా చాలాసేపు మోగుతాది, ఇత్తడి తొందరగా ఆగిపోతాది. కింద పడితే ఇత్తడి సొట్ట పోతాది, కంచు పగులుతాది. కంచు అంటే రాగి, తగరం, ఇత్తడి అంటే రాగి, జింకు. తగరం ఖరీదు ఎక్కువ కాబట్టి కంచుకు రేటు ఎక్కువ, రెండూ ఒకే మూటలో కడితే మొత్తం ఇత్తడి కిందికి పోతాది. నా మాట వింటే పగలని కంచు గిన్నెలు అమ్మనే అమ్మద్దు, ఇప్పుడు కొత్తది కొనాలంటే ఎంత అడుగుతారో ఒకసారి అంగట్లో కనుక్కోండి.

కుక్కర్లకు పిడి, స్క్రూలు, రబ్బరు అన్నీ తీసేయండి, స్క్రూడ్రైవర్ తో పది నిముషాల పని, ఇనుము తగిలించి ఉన్న సత్తు అని రేటు తగ్గించే సాకు ఉండదు. మూత మీది వెయిటు ఇత్తడిదైతే ఇత్తడిలో వేయండి. స్టీలు గిన్నెల్లో అయస్కాంతం పట్టనివి వేరే పెట్టండి. మంచి రకం స్టీల్లో వందకు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ ఉంటాది, దాని రేటే వేరు. అయితే నికెల్ తక్కువుండే ఇంకో రకం కూడా అయస్కాంతానికి పట్టదు కాబట్టి, అంగడాయన మందు చుక్క వేసి చూస్తానంటే చూడనియ్యండి, అది మోసం కాదు.

ప్రశ్న: సార్, మాది కర్నూలు. నేను, మా తమ్ముడు పాత వైర్లు కొని రాగి తీసి అమ్ముతాము. చెయ్యితో ఒలిస్తే రోజంతా పడుతుంది, కాలిస్తే అరగంట. పక్కింటోళ్ళు గొడవ చేస్తున్నారు. ఊరి బయట కాలిస్తే ఏమన్నా ప్రాబ్లమా?
– ఒక యువకుడు

జవాబు: ఊరి బయట కాల్చినా ఆ పొగ మొదట పోయేది మీ ఇద్దరి ముక్కుల్లోకే తమ్ముడూ. వైరు మీద ఉండేది పీవీసీ, అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తాది, అది తడి తగిలితే యాసిడ్, మీ గొంతు, ఊపిరితిత్తులు తడే కదా. దాంతో పాటు డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి, అవి ఒంట్లో కొవ్వులో చేరి ఏండ్ల తరబడి పోవు. పాత వైర్ల పీవీసీలో సీసం కూడా కలిపేవాళ్ళు, ఆ బూడిద చేతులకు అంటుకోని అన్నంలోకి వస్తాది. నీకు దగ్గు ఉందో లేదో రాయలేదు, ఉంటే ఈ రోజే డాక్టరు దగ్గరికి పో, వైరు కాల్చే పని చేస్తాను అని దాచకుండా చెప్పు.

డబ్బు లెక్కలో కూడా నష్టమే. కాల్చిన రాగి నల్లబడి పెళుసు అయితాది, మెరిసే రాగి రేటు దానికి ఎవ్వరూ ఇయ్యరు. ఒలిచిన వైరుకే పై రేటు.

ఒలిచేది ఎట్లంటే, ఒక మందం చెక్కకు వైరు లావుకు తగినట్టు చిన్న రంధ్రం చేసి, పైనుంచి బ్లేడు దాంట్లోకి కొంచెం దిగేట్టు రెండు స్క్రూలతో బిగించండి. వైరు కొసను రంధ్రంలో దూర్చి అవతలి నుంచి కటింగ్ ప్లేయర్ తో లాగితే పొర నిలువునా చీలిపోతాది. బ్లేడు కదలకుండా, వైరు మాత్రమే కదిలేట్టు ఉండాల, చేతిలో చాకు పట్టుకోని ఒలిస్తేనే వేళ్ళు తెగేది. ఇంకో మాట, మనకు ఎండలకు కొదవ లేదు కదా, ఏప్రిల్, మే నెలల్లో వైరు చుట్టలు మిద్దె మీద మధ్యాన్నం దాకా వేసి పెట్టండి, పీవీసీ మెత్తబడి సులభంగా వస్తాది. జుట్టు లాంటి సన్న వైర్లు ఒలిచేది కూలికి గిట్టదు, వాటిని వైరు గానే వేరే మూట కట్టి అమ్మేయండి. ఒలిచిన పీవీసీని కూడా మూట కట్టండి, అదీ కొనేవాళ్ళు ఉన్నారు.

ప్రశ్న: గుంతకల్లులో పాత ఇనుము అమ్మడానికి పోతే ఆధార్ కార్డు అడిగినారు, నేనేమన్నా దొంగనా? పైగా తూకం మీద కూడా అనుమానం. జీఎస్టీ అని కొంత కోసినారు.
– ఒక పాఠకుడు

జవాబు: ఆధార్ అడిగినందుకు కోపం పెట్టుకోవద్దన్నా. చేన్లల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి ఎత్తుకపోయే వాళ్ళ వల్ల రైతులు ఎంత ఏడుస్తాండారో మీకు తెలుసు, ఆ రాగి ఏదో ఒక అంగడికే కదా పోయేది. మీది రైల్వే జంక్షను ఊరు, రైల్వే సామాను దగ్గర దొరికితే 1966 నాటి చట్టం ప్రత్యేకంగా ఉంది. అడిగి రాసుకునే అంగడే మంచి అంగడి, మీరు కూడా బరువు, రేటు రాసిన చీటీ అడిగి తీసుకోండి.

జీఎస్టీ కోత మాత్రం తప్పు. 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేనివాళ్ళ దగ్గర రిజిస్టర్ అయిన వ్యాపారి లోహపు తుక్కు కొంటే ఆ పన్ను కట్టాల్సింది కొన్న వ్యాపారే. ఇంట్లో సామాను అమ్ముకునే మీ డబ్బుల్లోంచి కోసేది కాదు.

తూకానికి ఒక ఉపాయం. నీళ్ళ క్యాను ఖాళీదే మొదట కాటా మీద పెట్టించండి, తర్వాత 20 లీటర్లు నింపి పెట్టించండి, రెండిటికీ తేడా 20 కిలోలు రావల్ల. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికి ఒకసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాల, అది ఉందా అని అడిగే హక్కు మీకుంది. లేకపోతే ఆ శాఖకే ఫిర్యాదు ఇయ్యండి.

ప్రశ్న: పాత ఇన్వర్టర్ బ్యాటరీ, ఫ్రిజ్, ఒక పాత గ్యాస్ సిలిండర్, స్కూటర్ షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి. విప్పి అమ్మితే ఎక్కువ వస్తుందంటారు.
– ప్రొద్దుటూరు నుంచి ఒక మెకానిక్

జవాబు: ఈ నాలుగూ విప్పకూడనివే. బ్యాటరీలో సీసం, యాసిడ్, కాలవలో పారబోస్తే ఆ వీధి పిల్లలకే చేటు, యాసిడ్ పోసేసి అమ్మితే రేటు ఎక్కువ అనేవాళ్ళ మాట వినద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకోని రీసైక్లింగుకు పంపే బాధ్యత తయారీదార్లదే, కొత్తది కొనే అంగట్లో పాతది ఇస్తే రేటు తగ్గిస్తారు, అదే మేలు. ఫ్రిజ్ కంప్రెసర్లో గ్యాసు ఉంటాది, కొత్త ఫ్రిజ్‌ల్లో ఉండే ఐసోబ్యూటేన్ అయితే మండే గ్యాసు, ఫ్రిజ్‌ను అట్లనే పూర్తిగా ఈ-వేస్టు తీసుకునే వాళ్ళకు ఇయ్యండి. సిలిండరు మీది కాదు, కంపెనీది, ఏజెన్సీలో కాగితాలతో వాపసు ఇస్తే డిపాజిట్ వస్తాది.

షాక్ అబ్జార్బర్ల గురించి కొంచెం గట్టిగానే చెప్తా. మా అంగట్లో ఒక పిల్లోడు మూసి ఉన్న షాక్ అబ్జార్బర్ మీద గ్యాస్ కట్టర్ పెట్టినాడు, లోపల ఆయిలు వేడెక్కి రాడ్డు తుపాకి గుండు మాదిరి వచ్చి వాడి భుజం ఎముక ఇరగ్గొట్టింది. పక్కకు ఒక జానెడు తగిలుంటే గుండెకే. ఆ రోజు నేను అంగట్లోనే ఉన్నా, చూసి చెప్పుండాల్సింది, చెప్పలేదు. మూతి మూసిన గొట్టం, డబ్బా, ట్యాంకు ఏదైనా సరే మంట తగిలించద్దు. ఆ షాక్ అబ్జార్బర్లను అట్లనే ఇనుము మూటలో కాకుండా పక్కన పెట్టి, ఇవి మూసినవి అని కొనేవాడికి నోటితో చెప్పి ఇయ్యండి.