భార్య చనిపోయాక ఆమె చెల్లెలితో నికా: పాలిచ్చినంత మాత్రాన హరాం అవుతుందా?

వ అలైకుం సలాం భాయ్. మీ భార్య పోయారు. నెలల బాబుకు ఆమె చెల్లెలే తన పాపతో పాటు పాలిచ్చి సాకుతోంది, ఆమెకూ భర్త లేడు. గుంటూరులో మీ పెద్దలు ఇద్దరికీ నికా చేద్దామంటుంటే, పాలిచ్చింది కాబట్టి కుదరదని కొందరు అడ్డుపడుతున్నారు. ఇదీ మీ ప్రశ్న.

కుదురుతుంది. పాలు తాగింది బాబు, మీరు కాదు. ఆమె బాబుకు పాలతల్లి అయింది, మీకు హరాం (నికాకు నిషిద్ధం) కాలేదు. సూరా నిసా 23వ ఆయత్ వద్దన్నది అక్కచెల్లెళ్లిద్దరినీ ఒకేసారి నికాలో ఉంచుకోవడాన్ని. మీ భార్య మరణంతోనే ఆ అడ్డు తొలగిపోయింది. మగవాడికి ఇద్దత్ (భర్త పోయాక లేదా విడాకులయ్యాక మళ్లీ నికాకు ముందు స్త్రీ ఆగాల్సిన గడువు) లేదు, కాబట్టి నలభై రోజులు ఆగమనడానికి షరియత్‌లో ఆధారం లేదు.

చూసుకోవాల్సింది ఆమె ఇద్దత్. భర్త చనిపోయి ఉంటే ఆ రోజు నుంచి చాంద్రమాన లెక్కన 4 నెలల 10 రోజులు, గర్భవతి అయితే కాన్పు దాకా. అది పూర్తికాకుండా సంబంధం గురించి ఆమెతో సూటిగా మాట్లాడకూడదు. విడాకులైన మనిషైతే 3 నెలసరులు. చాలామంది కేలండర్లో 3 నెలలు లెక్కేసి ఇక్కడే తప్పుతారు. పాలిచ్చే తల్లికి నెలసరి ఆలస్యమైతే ఇద్దత్ కూడా అంతే సాగుతుంది. పైగా ఒక్కసారే మూడు తలాక్‌లు చెప్పిన కాగితం 2019 నాటి ట్రిపుల్ తలాక్ చట్టం ప్రకారం చెల్లదు, దాన్ని నమ్ముకుని నికాకు దిగకండి.

ఇప్పుడు పిల్లల సంగతి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మన వైపు ఎక్కువమంది అనుసరించే హనఫీ షరియత్ సంప్రదాయంలో రెండేళ్లలోపు బిడ్డ ఒక్కసారి తాగినా పాల సంబంధం ఏర్పడుతుంది. అంటే మీ బాబు, ఆ పాప ఇక అన్నాచెల్లెళ్లే. ఖాలా (పిన్ని) కూతురే కదా అని ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో ఒకరు సంబంధం కలుపుతారు. ఎవరు ఎవరి పాలు తాగారో ఇప్పుడే రాసి రెండిళ్లలోనూ ఉంచండి. ఆమెతో కాపురం మొదలైతే ఆ పాప మీకూ శాశ్వతంగా హరాం, కూతురితో సమానం. మీ అత్తగారైతే మొదటి నికా జరిగిన నాటి నుంచే అలా.

నికా జరిగేదాకా ఆమె మీకు నామహరమే (పర్దా పాటించాల్సిన పరాయి స్త్రీ), ఒకే ఇంట్లో ఉన్నా పర్దా పాటించాల్సిందే. ఖాజీ దగ్గరకు వెళ్లేటప్పుడు మీ భార్యదీ, ఆమె భర్తదీ మరణ ధ్రువపత్రాలు, విడాకులైతే ఆ కాగితం వెంట ఉంచుకోండి.

భార్య బతికి ఉండగానే ఆమె చెల్లెల్ని చేసుకున్నవాళ్ల సంగతి వేరు. ఆ నికా ఫాసిద్, అంటే సక్రమం కానిది. అయినా కోర్టు రద్దు చేసేదాకా ఆ రెండో భార్యకూ ఆమె పిల్లలకూ భరణం ఇవ్వాలని 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.