శ్రీశైలం దారిలో గేటు దగ్గర ఆగిపోకూడదంటే

మీరు శుక్రవారం రాత్రి 7 గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరితే అర్ధరాత్రికి శ్రీశైలం చేరతారని మ్యాప్ చూపిస్తుంది, కానీ అక్కడే తేడా వస్తుంది. దారిలో వచ్చే మన్ననూరు ఫారెస్ట్ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. అది పులుల అభయారణ్యం. గేటు దగ్గర బతిమాలినా లాభం లేదు.

చాలామంది గుడికి చేరే టైమ్ లెక్కేసుకుంటారు. లెక్క వేయాల్సింది గేటుకు చేరే టైమ్.

1. మన్ననూరుకు 8.30 కల్లా ఉండాలి. సిటీ నుంచి మూడు గంటల పైనే, ట్రాఫిక్ వేరు. అంటే సాయంత్రం 4.30కి ఇంటి గడప దాటాలి.

2. ఆఫీసు వల్ల కుదరదంటే గేటుకు ఇవతలే ఉన్న అచ్చంపేటలో పడుకోండి. ఉదయం 6కి గేటు తీయగానే వెళ్తే ఎనిమిదింటికల్లా కొండమీద ఉంటారు. నాకైతే ఇదే నచ్చుతుంది: పొద్దున నల్లమలలో పొగమంచు, రోడ్డు మీద నెమళ్లు. మేమొకసారి గేటు బయట కారులోనే తెల్లవార్లూ దోమలు కొట్టుకున్నాం, అది వద్దు.

3. తిరుగు ప్రయాణానికీ ఇదే రూలు. పాతాళగంగ రోప్‌వే, డ్యామ్ చూస్తూ లేట్ చేయకుండా సాయంత్రం ఆరులోపే కొండ దిగండి.

4. ఆంధ్ర వైపున్న దోర్నాల నుంచి వెళ్దామనుకోకండి, అటూ రాత్రి గేటు మూసే ఉంటుంది.

స్పర్శ దర్శనానికి పంచె, చీర లాంటి సంప్రదాయ దుస్తులు తప్పనిసరి. ఆధార్ ఒరిజినల్ మర్చిపోవద్దు.