పచ్చ నీళ్ల చెరువు చేప కడుపుతో ఉన్నవాళ్లు తినొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. మా కోడలికి ఐదో నెల. ఇంటి పక్కనే చేపల చెరువులు, బొచ్చె, శీలావతి తాజాగా దొరుకుతాయి. ఆ నీళ్లు చిక్కటి పచ్చగా ఉంటాయని, విషాలన్నీ చేపకే పడతాయని మా వియ్యపురాలు వద్దంటోంది. వాళ్లది మాచర్ల. సాగర్ నీళ్లు అద్దంలా ఉంటాయి, అక్కడి వాలుగ పంపిస్తానంటోంది. కాన్పయ్యాక పాలు పడాలని పాలసొర పెట్టడం మా ఇంటి అలవాటు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ చెరువు బొచ్చె పెట్టండి. వాలుగ, పాలసొర మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. నీళ్ల రంగు చూసి చేపలో ఎంత విషం ఉందో చెప్పలేం, ఒక్కోసారి లెక్క తిరగబడుతుంది కూడా.

కడుపులో బిడ్డకు సంబంధించి నేను ముందు చూసేది మెర్క్యురీ, అంటే పాదరసం. బొగ్గు పొగలోంచో పరిశ్రమల వ్యర్థాల్లోంచో నీళ్లలో చేరి, గాలి ఆడని అడుగు బురదలో బాక్టీరియా వల్ల మిథైల్ మెర్క్యురీగా మారుతుంది. మాయ దాటి బిడ్డ మెదడుకు చేరేది అదే. దాన్ని ముందు పీల్చుకునేది కంటికి ఆనని నాచు కణాలు, నాచును జూప్లాంక్టన్ అనే అతి చిన్న నీటి జీవులు, వాటిని చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప తింటూ పోతే మెట్టు మెట్టుకీ పోగుపడుతుంది.

ఇక మీ చెరువు సంగతి. పేడ, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వేసేది ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే నాచు, సన్న జీవులు కట్టడానికే కదా. నత్రజని, భాస్వరం దండిగా ఉంటే నాచు విపరీతంగా పెరుగుతుంది, నీళ్లలో ఉన్న కాస్త మెర్క్యురీ అన్ని కణాలకూ పంచుకుపోయి ఒక్కోదానికి దక్కే వంతు తగ్గిపోతుంది. 2002లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు పెద్ద తొట్లలో ఇదే పరీక్షించి చూశారు, పోషకాలు ఎక్కువ వేసి నాచు పెంచిన తొట్లలో డాఫ్నియా అనే నీటిపురుగుల్లో మిథైల్ మెర్క్యురీ రెండు మూడు రెట్లు తక్కువ తేలింది. దానికితోడు తవుడు, నూనె గింజల చెక్క తిని త్వరత్వరగా బరువెక్కే బొచ్చెలో, కండ పెరిగినంత వేగంగా విషం చేరదు.

తేట నీళ్లలో నాచు తక్కువ, కాబట్టి ఒక్కో కణానికి ఎక్కువ వంతు. అందులోనూ వాలుగ చేపలను వేటాడి తిని ఏళ్ల తరబడి పెరిగే రకం. సాగర్ చేప చెడ్డదని నేను అనడం లేదు, అక్కడి శీలావతి పంపిస్తే సంతోషంగా వండుకోండి.

అలాగని పచ్చదనమంతా మేలేనని అనుకోవద్దు. నీళ్ల మీద పెయింటు ఒలికినట్టు తెట్టె కట్టిందంటే అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. అందులో కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే కాలేయానికి హాని చేసే విషాన్ని వదులుతాయి, వండినా అది పోదు. అలాంటప్పుడు, చేపలు చచ్చి తేలుతున్నప్పుడు ఆ చెరువు చేప తేవద్దు. మామూలు రోజుల్లోనూ పేగులు, కాలేయం శుభ్రంగా తీసేయించండి. ఆ నాచు చచ్చి అడుగున కుళ్లితే ఆక్సిజన్ పడిపోతుంది, అప్పుడు బురదలో మిథైల్ మెర్క్యురీ తయారీ ఇంకా పెరగొచ్చు, అంటే పైన దక్కిన లాభం కింద పోతుంది. ఫ్యాక్టరీ నీళ్లు, పట్నం మురుగు కలిసే చెరువైతే రంగుతో పని లేదు, మానేయండి.

చర్మం, కొవ్వు తీసేస్తే డీడీటీ లాంటి కొవ్వులో దాగే పురుగుమందులు కొంత తగ్గుతాయి. మెర్క్యురీ కండలోనే ఉంటుంది, ఉప్పూ పసుపూ నిమ్మరసం పెట్టి ఎన్నిసార్లు కడిగినా రాదు.

వారానికి రెండు మూడు సార్లు, మొత్తం 225 నుంచి 340 గ్రాముల దాకా తినిపించండి, భయపడి పూర్తిగా మానేస్తే బిడ్డ మెదడుకు కావలసిన ఒమేగా 3, అయోడిన్ నష్టపోతాం. నెత్తళ్లు, కవ్వళ్లు ఇంకా మంచివి. పాలసొర చిన్న సైజే అయినా సొర జాతి, వేటాడే చేప, పాలిచ్చే తల్లికీ వద్దనే చెబుతాం. పాలు పడాలంటే బిడ్డ తరచూ చన్ను పట్టాలి, తల్లి కడుపునిండా తినాలి, అంతకు మించిన మందు నాకు తెలియదు. పెద్ద వంజరం కూడా ఇప్పటికి తగ్గించండి.

ఇప్పటికే ఒకటి రెండుసార్లు సొర తిని ఉంటే టెన్షన్ వద్దు, మానేస్తే ఒంట్లో మెర్క్యురీ సుమారు రెండు నెలల్లో సగానికి దిగుతుంది. దానికోసం రక్తపరీక్షలు అక్కర్లేదు, డీటాక్స్ పొడులు అసలే కొనొద్దు.